ఎర్ర తాళంకప్ప

చర్చిలో మొదటి గంట కొట్టే మనిషి తాడు పట్టుకోకముందే ముందు వరసలో కూర్చుని ఉంటుంది కాబట్టి ఆవిణ్ణి అందరూ గంటమ్మ అంటారు. ఆవిడ కోప్పడదు సరికదా, మురిసిపోతుంది. దేవుడి దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లంటే ఆవిడకి ఒళ్లు మంట. ఆ మంటే తన చెల్లెలి కొంప ముంచిందని ఆ ఆదివారం దాకా ఆవిడకి తెలియదు.

ఆ ఉదయం ఆరింటికే ఇస్త్రీపెట్టె వేడెక్కించి, మొగుడి చొక్కా మీద నీళ్లు చిలకరిస్తూ మొదలుపెట్టింది.

"ఇవాళైనా పూజలో ఫాదరు చేతి సత్ప్రసాదం తీసుకుంటారా, ఈ వారం కూడా బల్లకి అతుక్కుపోతారా?"

మొగుడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇరవై ఏడేళ్లుగా మేస్త్రీ. పేపరు మీంచి తలెత్తలేదు.

"కడుపులో బాలేదు."

"ఐదు వారాల నుంచీనా? గోరంత అప్పానికి అజీర్తి చేస్తుందటండీ ఎక్కడైనా! నిన్న ఉపదేశిగారి భార్య 'మీవారికి ఏమైంది' అని అడిగితే తల కొట్టేసినట్టయింది నాకు."

ఒకటంటే రెండు అప్పజెప్పే మనిషి పేపరు తిరగేశాడు. గంటమ్మకి జాలేసింది. ఐదు వారాలంటే సరిగ్గా మరిది చెయ్యి పోయిన దగ్గర్నుంచీ. చెల్లెలి మొగుడైన ఆ మరిది మేస్త్రీ చేతికిందే పనిచేసేవాడు, చర్చిలో కీబోర్డు వాయించేదీ అతనే. గుడ్ ఫ్రైడేకి ముందు రోజు, పవిత్ర గురువారం సాయంత్రం ఒక ఏడంతస్తుల మేడలో లిఫ్టు కప్పు మీద నిలబడి పనిచేస్తుంటే అది ఉన్నట్టుండి కదిలింది. కుడిచెయ్యి లిఫ్టు తాళ్లు తిరిగే చక్రంలో పడి మణికట్టు దాకా పోయింది. కరెంటు స్విచ్‌కి తాళం వేయకుండా పనిలోకి దిగాడు, తప్పు అతనిదేనని కంపెనీ తేల్చి ఉద్యోగంలోంచి తీసేసింది. దెబ్బ తిన్న మనిషికి ఆ సాయంత్రం సరిగ్గా గుర్తు లేదు. అలాగే అయ్యుంటుందిలెండి అన్నాడు.

చొక్కా మీదకి, ఆ గురువారం పూజకని వేసుకెళ్లిన తెల్లప్యాంటు కావాలి. అది బీరువా అడుగున, పాత దుప్పటి కింద ఉండలా చుట్టి ఉంది. దులిపితే జేబులోంచి బరువైనదేదో కిందపడింది.

ఎర్ర తాళంకప్ప. దాని మీద తెల్లరంగుతో గీసిన చిన్న సంగీతం గుర్తు. మరిది టిఫిన్ క్యారియర్ మీదా ఇదే గుర్తు ఉంటుంది.

లిఫ్టు మేస్త్రీతో ఇన్నేళ్లు కాపురం చేసినావిడకి ఆ పనిలో మొదటి కట్టుబాటు తెలియకపోదు. కరెంటు ఆపిన స్విచ్‌కి ఎవరి తాళం వాళ్లే వేయాలి, వాళ్లే తీయాలి. రెండో తాళంచెవి మేస్త్రీ దగ్గర ఉంటుంది. మనిషి కిందికి దిగడం కళ్లారా చూశాకే దాన్ని వాడాలి.

"ఏమండీ," అంది. తాళంకప్ప ఎత్తి చూపించింది. "మరిది తాళం వేశాడా?"

మేస్త్రీ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"వేశాడు."

"తీసిందెవరు?"

"నేనే."

"మనిషి పైన ఉండగా తీశారా? సొంత తోడల్లుడండీ!"

"దిగిపోయాడనుకున్నాను. అతని సంచీ పెట్టే చోట లేదు. చర్చిలో వాయించాలి కదా, నాకన్నా ముందే వెళ్లుంటాడనుకున్నా. ఒక్క కేకేశాను, పలకలేదు. వెళ్లి చూసొద్దామనుకునేలోపు..." ఆగిపోయాడు.

"అనుకునేలోపు ఏమైంది?"

"వద్దులే."

"చెప్పండి! ఐదు వారాలు నా వంట తింటూ నోరు కుట్టుకున్నారు. ఇప్పుడైనా చెప్పండి!"

"నీ మూడో ఫోన్ వచ్చింది."

ఆ సాయంత్రం ఫోన్లో ఆవిడ అన్న మాటలు ఆవిడకే వినబడ్డాయి. 'పాదాలు కడగడానికి పన్నెండు మంది కావాలి, పదకొండు మందే వచ్చారు. ఫాదరు మీకోసం చూస్తున్నారు. అంత పెద్ద రోజున కూడా మీ లిఫ్టులేనా? నా పరువు తీయకండి!'

మేస్త్రీ తాళం తీసి జేబులో పడేసుకుని, కరెంటు వేసి, రొప్పుతూ చర్చికి వచ్చి పన్నెండో కుర్చీలో కూర్చున్నాడు. ఏసు తన శిష్యుల పాదాలు కడిగినట్టు ఫాదరు ఆయన కాలు కడిగి, తుడిచి, ముద్దుపెట్టుకుంటుంటే గంటమ్మ కళ్లు చెమర్చాయి. అదే సమయంలో మరిది ఆ చీకటి గోతిలో చెయ్యి చక్రంలో ఇరుక్కుని అరుస్తున్నాడు.

"నిజం చెబితే ఎందుకు తొందరపడ్డావని అడుగుతారు," అన్నాడాయన. "నీ పేరు ఎత్తాలి. నీ చెల్లెలి ముందు నువ్వు ఎలా నిలబడతావు?"

"నా పేరు అడ్డం పెట్టుకోకండి. మీకూ భయమేసింది."

"వేసింది," అన్నాడు మేస్త్రీ. "అది కూడా నిజమే. రెండుసార్లు తప్పు చెప్పుకుందామని పాపసంకీర్తనం వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి వెనక్కి తిరిగొచ్చేశాను. అది చెప్పుకోకుండా సత్ప్రసాదం ఎలా ముట్టను? ఫాదరుకి చెప్పుకుంటే తీరుతుందా? నా తప్పు అక్కడ అతను మోస్తున్నాడు."

గంటమ్మ ఇస్త్రీపెట్టె ఆపింది. మొదటి గంటకి ఇంకా పావుగంట ఉంది. తాళంకప్ప కొంగులో మూటగట్టుకుని మొగుడి చెయ్యి పట్టుకుంది. చర్చి వీధి దాటి, ఆ పక్క సందులోని చెల్లెలి ఇంటివైపు నడిచింది.

చెల్లెలు మొగుడి చొక్కాకి గుండీలు పెడుతోంది. "అక్కా, నువ్వు ఈ వేళప్పుడు చర్చిలో లేవా? పొద్దు పడమర పొడిచిందా ఏం?" అని నవ్వబోయి, వాళ్ల మొహాలు చూసి ఆగింది.

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. మరిది తాళంకప్ప ఎడమచేత్తో తీసుకున్నాడు. సంగీతం గుర్తు మీద బొటనవేలితో రాశాడు.

"వేశానా?" అన్నాడు. "నేను వేశానా అన్నయ్యా?"

"వేశావు తమ్ముడూ."

"నాకు మతి పోయిందనుకున్నాను. రోజూ కళ్లు మూసుకుని మనసులోనే ఆ స్విచ్ దగ్గరికి వెళ్తున్నాను. ఎన్నిసార్లు వెళ్లినా నా చేతిలో తాళం కనబడలేదు." అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెయ్యి పోయిన రోజున కూడా అంతలా ఏడవలేదట.

"రేపు పొద్దున్నే కంపెనీకి వెళ్లి చెబుతాను. ఏం చేసినా చేయనీ," అన్నాడు మేస్త్రీ.

"నేనూ వస్తాను. నా చెవులతో వినాలి," అన్నాడు మరిది.

గంటమ్మ చెల్లెలి దగ్గరికి వెళ్లి, మిగిలిన గుండీ పెట్టబోయింది. చెల్లెలు ఆ చెయ్యి తోసేసింది.

"ముట్టుకోకు అక్కా. నువ్వు ముట్టుకోకు."

అప్పుడు మొదటి గంట మోగింది. ఆ గంట గంటమ్మ చర్చి గుమ్మం బయట విన్నది అదే మొదటిసారి.

"మరిదీ," అంది, "ఎవరూ అడక్కపోయినా ఇంకో మాట చెప్పాలి. ఆ సాయంత్రం నీ కీబోర్డు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంటే, దేవుడంటే లెక్కలేని మనిషివని నిన్ను తిట్టుకున్నాను. పక్కావిడతో కూడా అన్నాను. పూజ అయ్యేదాకా తిడుతూనే ఉన్నాను."

కొంగు నోట్లో కుక్కుకుంది.

చెల్లెలు గోడవైపు తిరిగింది. రెండో గంటా మోగింది. లోపలికి వెళ్లి రెండు కుర్చీలు తెచ్చి వేసింది, అక్కా బావా కూర్చున్నారు. అక్క వైపు చూడకుండానే నేలమీద కూలబడి, ఏడుస్తూ ఏడుస్తూ చివరికి అక్క మోకాలి మీద తల ఆనించింది. ఆ వారం ఆ రెండిళ్ల నుంచి పూజకి ఎవరూ వెళ్లలేదు.