నీటికుక్కకు మారు వడ్డన

"దేశాలేలే వాళ్ళు ముచ్చటపడి పెంచుకునే జంతువుల వల్ల మన డిపార్ట్‌మెంట్‌కి ఎన్ని తలనొప్పులో నీకు తెలీదు మోషే," అన్నాడు చీఫ్ శివప్రసాద్.

ముమ్మిడివరం దగ్గర మూతబడిన రొయ్యల ఐస్ ప్లాంట్ అది. లోపల ఇద్దరే ఉన్నారు. అయినా చీఫ్ గొంతు తగ్గించాడు.

"అక్బరు పాదుషా చీతాల్ని పెంచాడు. ఇథియోపియా చక్రవర్తి సింహాల్ని. ఒక అమెరికా అధ్యక్షుడి భార్య రకూన్ అనే అడవి జంతువుకి తాడు కట్టి వైట్‌హౌస్ అంతా తిప్పింది. ఇప్పుడు మన నెత్తిన పడినాయన నీటికుక్కని పెంచుతున్నాడు."

ఫొటో అందించాడు. సలోరా ద్వీపదేశం అధ్యక్షుడు. ఆయన ఒళ్ళో నున్నటి ఒళ్ళు, బారు మీసాలతో ఒక జంతువు.

"పేరు పీకో. రేపు డిండి గెస్ట్‌హౌస్‌లో అధ్యక్షుడికి భోజనం. ఆ తర్వాత మన దూతతో ఏకాంత చర్చ. ఆ గదిలోకి ఫోన్ వెళ్ళదు, పెన్ వెళ్ళదు, సెక్యూరిటీ వెళ్ళదు. పీకో వెళ్తుంది. అది పక్కన లేకపోతే ఆయన నోరు విప్పడు."

"అయితే ప్రమాదం ఎక్కడ సార్?"

"దాని కడుపులో. 'లంగరు' ముఠా దానిచేత మైక్ మింగించబోతోంది. చిన్న క్యాప్సూల్. మింగిందంటే గదిలో ప్రతి మాటా గోదారి మీద ఏదో పడవలో వినబడుతుంది. ఆ మాటల్లో ఒక అడ్రస్ ఉంటుంది. సలోరాలో అనిత దాక్కున్న ఇల్లు."

అనిత మోషే బ్యాచ్‌మేట్. లంగరు గుట్టు పట్టుకొచ్చిన మనిషి. నమ్మిన వంటవాడే పట్టిస్తే చివరి క్షణంలో తప్పించుకుంది. ఆ అడ్రస్ బయటపడితే అనితని బతకనివ్వరు.

"పీకోకి సీలు వేసిన సలోరా చేపలే పెట్టాలి. పొద్దున్నే మనవాళ్ళు స్కాన్ చేస్తారు. పెట్టేది యామిని. పైకి ప్రోటోకాల్ ఆఫీసర్. లంగరులో మనం నాటిన మనిషి, డబుల్ ఏజెంట్."

"ఏ వైపు డబుల్ సార్?"

"నాకు ఆమె మీద నమ్మకముంది. నీకు ఉండక్కర్లేదు." చీఫ్ ఒక పాత వాచీ చేతిలో పెట్టాడు. "చెయ్యి చాచినంత దూరంలో బ్యాటరీ ఉంటే వణుకుతుంది. రేపు నువ్వు వడ్డన మనిషివి."

*

తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో పచ్చడి గిన్నె. మోషే వేషం బాగానే కుదిరింది.

వరండాలో యామిని ఎదురైంది. ఆకుపచ్చ పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, చెవులకి పెద్ద కమ్మలు. సెక్యూరిటీ వాళ్ళు కూడా డ్యూటీ మరిచి చూస్తున్నారు.

"బొండాం లేతదేనా?" అంది.

"నీళ్ళేనండి. మీగడ కట్టలేదు."

కోడ్ సరిపోయింది. కానీ వాచీ గిలగిలా వణికింది. యామిని నవ్వి కమ్మని తాకింది. "చీఫ్ గారిచ్చిన ట్రాన్స్‌మిటర్. వాచీని కంగారుపడొద్దని చెప్పండి."

సమాధానం సరిగ్గానే ఉంది. అందుకే మోషేకి నచ్చలేదు. అయితే అతని అనుమానమంతా అప్పటికే ఇంకోచోట కాపురం పెట్టేసింది, వంటశాలలో.

రాజోలు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, చర్చి పండగలకీ వంట సువార్తమ్మదే. ఈ రోజూ ఆవిడదే. పొద్దున్నుంచి కొంగు చాటున ఏదో పట్టుకుని పెరటివైపు వెళ్ళొస్తోంది. వంటవాళ్ళంటే మోషేకి ఒళ్ళుమంట. వెనకే వెళ్ళాడు.

పెరట్లో సిమెంటు తొట్టి. తొట్టిలో పీకో. దాని ముందు అరిటాకు, ఆకులో బొమ్మిడాయి చేపలు. పీకో ఒకటి నములుతూ, ఇంకోటి చేత్తో పట్టుకుని ఉంది. ఆకు పక్కన బుట్ట దాదాపు ఖాళీ.

"ఏం చేస్తున్నారు పిన్నిగారూ!"

సువార్తమ్మ అదిరిపడింది గానీ తడబడలేదు. "ఏం చేసేనబ్బాయ్? ఆ ప్యాకెట్టు చేపలు రెండు పడేసి ఊరుకున్నారు. అలా పెడితే పిల్లికైనా సరిపోద్దా? మనింటికొచ్చి ఆకలితో పోతే మన పరువేం కాను?"

"బయటి తిండి పెట్టకూడదని ఆర్డరు!"

"ఆయ్," అంది సువార్తమ్మ వినయంగా. వెంటనే ఇంకో బొమ్మిడాయిని ఆకులో వేసింది. "మారు వడ్డించకపోతే ఎలాగండీ? అడిగి పెట్టించుకోడానికి దానికి నోరుందా?"

మోషే బుట్ట మీద చెయ్యి పెట్టాడు, పీకో పొట్ట మీద పెట్టాడు. వాచీ కదల్లేదు. అయినా అనుమానం తీరలేదు. సువార్తమ్మని వంటశాల దాటనివ్వొద్దని ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టాడు.

*

భోజనాలయ్యాయి. చర్చ గది తలుపు తెరిచారు. చేతులు కడిగించే నీళ్ళ పళ్ళెంతో మోషే తలుపు పక్కనే నిలబడ్డాడు.

అధ్యక్షుడు పీకోని చంకనెత్తుకుని వచ్చాడు. వెనక వెండిగిన్నెతో యామిని. కమ్మలు రెండూ తీసి సెక్యూరిటీ ట్రేలో వేసింది. ట్రే దూరంగా వెళ్ళిపోయింది. ఆమె మోషేని దాటి ముందుకి వచ్చింది.

వాచీ వణికింది.

కమ్మలు లేవు. ఫోన్లు లేవు. గిన్నెలో ఒకే ఒక్క చేప ఉంది. స్కాన్ అయ్యాక దాని పొట్టలో ఏదో చేరింది. వంటావిణ్ణి కాపలాలో పెట్టి, దొంగని దర్జాగా తలుపుదాకా రానిచ్చాడు! మోషేకి తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పటికే యామిని వేళ్ళ మధ్య చేప ఉంది. వేళ్ళు పీకో మూతి దగ్గరున్నాయి. ఎంత విసురుగా దూకినా అందదు. మోషే కళ్ళ ముందు అనిత మొహం మెదిలింది.

పీకో చేపని వాసన చూసింది. మొహం తిప్పుకుంది.

యామిని నవ్వుతూ మళ్ళీ అందించింది. పీకో బానలాంటి పొట్టతో అధ్యక్షుడి చేతిలో వెల్లకిలా తిరిగి, పెద్దగా త్రేన్చింది. యామిని నవ్వు చెరిగింది. మూడోసారి చేపని బలవంతంగా నోట్లో కుక్కబోయింది. పీకో కాలితో ఒక్క తన్ను తన్నింది.

చేప నేల మీద పడింది. మోషే పళ్ళెం వదిలేశాడు, నీళ్ళన్నీ పట్టుచీర మీద పడ్డాయి. "క్షమించాలండీ!" అంటూనే ఒక చేత్తో చేపని, రెండో చేత్తో యామిని మణికట్టుని పట్టుకున్నాడు. అధ్యక్షుడికి ఏమీ అర్థం కాలేదు. పీకోని సముదాయిస్తూ గదిలోకి నడిచాడు. తలుపు మూసుకుంది.

చేప పొట్టలో క్యాప్సూల్ దొరికింది. అనిత అడ్రస్ ఆ గది దాటలేదు.

*

మిగిలింది పడవ. అదెక్కడుందో యామిని చెప్పలేదు. చీఫ్ బెదిరించాడు, బతిమాలాడు.

మోషే వంటశాలకి వెళ్ళి కానిస్టేబుల్‌ని పంపించేశాడు. "తప్పయిపోయింది పిన్నిగారూ," అన్నాడు.

"ఆ సంగతికేంగానీ," అంది సువార్తమ్మ, "ఆ అమ్మాయి అన్నం తిందా?"

"ఆవిడ దేశద్రోహి అండీ."

"అయితే? ఆకలేయదా?"

మోషే ఒక్క క్షణం ఆలోచించి, యామిని ఉన్న గదివైపు దారి వదిలాడు.

కాసేపటికి చీఫ్ వరండాలోకి పరిగెత్తుకొచ్చాడు. "అంతర్వేది రేవు, నీలంరంగు పడవ! మొత్తం చెప్పేసింది! నేను లేనప్పుడు లోపలేం చేశారయ్యా?"

"ఏమీ లేదు సార్," అన్నాడు మోషే. "పీకోకి చేసినట్టే, పిన్నిగారు మారు వడ్డించారు."

లోపల్నించి యామిని గొంతు వినబడింది. "చెప్పేశాగా! ఇంక ఈవిణ్ణి తీసుకెళ్ళండి!"

"ఆయ్, వెళ్తానమ్మా," అంటోంది సువార్తమ్మ. "పెరుగులోకి ఈ కాస్త అన్నం కలిపేసుకో."