చేప ఒక్కపొద్దు

శనివారం పొద్దున రాజమణి వాకిలి ఊడ్చి, స్నానం చేసి, కొండగట్టు అంజన్న పటం ముందు దీపం పెట్టి, బీడీ చాట ఒళ్లో వేసుకుని కూర్చుంది. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెతో కోరుట్లలో బస్సులు ఆగి ఇరవై రోజులైంది. దసరా కూడా బస్సుల్లేకుండానే పోయింది. సిరిసిల్లలో కరెంటు లేక బట్ట నేసే సాంచెలు ఆగితే భర్త ఎల్లేశం లారీ ఎక్కి ఇంటికి వచ్చాడు. పని లేని చేతుల్తో గడపకూ వీధికీ మధ్య తిరుగుతున్నాడు.

కూతురు శ్రీలత మాత్రం ఇంట్లో లేదు. జగిత్యాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. బుధవారం నుంచి అక్కడి ఉద్యమ శిబిరంలో రాష్ట్రం కోసం ఆమరణ దీక్షకు కూర్చుంది.

హాస్టల్ మూసినప్పుడు ఆమె ఇంటికి తెచ్చిన ఫైటర్ చేప అలమరలో, గాజు సీసాలో ఉంది. పక్కనే గోడకు ఒక కాగితం అంటించి పోయింది. పొద్దున రెండు మేత గింజలు, పొద్దుమీకి రెండు. మంగళ, శుక్రవారాల్లో గింజలకు బదులు ఎండిన ఎర్ర పురుగులు. దొరికితే దోమ పిల్లలు. శనివారం ఏమీ వద్దు. అడుగున పెద్ద అక్షరాలతో: తంబాకు చెయ్యి కడుక్కొని పెట్టు.

ఆ కాగితం చూసిన నాడు రాజమణి నవ్వింది. "మన కూర గిట్ల దినానికోటి మారుతదా బిడ్డా?"

"రోజూ ఒక్కటే పెడితే దానికి గూడ మొకం మొత్తుతది అమ్మా," అంది శ్రీలత.

ఫోన్ మోగింది. శ్రీలతే.

"అమ్మా, ఇయ్యాల శనివారం. చేపకేం పెట్టకు."

"నువ్వు తిన్నవా?"

"దీక్షల ఉన్న గదనే."

"నువ్వు తినకపోతివి. మీ బాపు అన్నం ముందట కూసొని లేచిపాయె. గీ ఇంట్ల తినేది అదొక్కటే. దాన్ని గూడ మాడ్చాల్నా?"

"దాని కడుపు దాని కంటి గుడ్డంతే ఉంటదమ్మా. ఎక్కువైతే..." గొంతు సన్నగా ఉంది. మాట పూర్తికాకముందే ఫోన్ ఆగిపోయింది.

రాజమణికి అన్నం పెట్టడం ఒక్కటే తెలుసు. తినేవాళ్లు కంచం మీద చెయ్యి అడ్డం పెడితే ఆ వేళ్ల సందులోంచి వడ్డించే మనిషి. చాలు అనే మాట ఆమె నోట ఎవరూ వినలేదు. చేతులు కడుక్కుని సీసా దగ్గరికి వెళ్లింది. చేప మూతి పైకెత్తి సీసా అంచుకు వచ్చింది. బుధవారం నుంచి అది అలా వచ్చినప్పుడల్లా ఆమె పెడుతూనే ఉంది. గింజలు అయ్యాక అన్నం మెతుకు, రొట్టె ముక్క, గుడ్డు సొన. శనివారం కూడా నాలుగుసార్లు పెట్టింది. తాను మాత్రం ఒక్కపొద్దు ఉంది.

ఆదివారం తెల్లారి చూస్తే చేప సీసా అడుగున ఒక పక్కకు ఒరిగి ఉంది. పొట్ట గుండ్రంగా ఉబ్బింది. గింజ వేస్తే కదల్లేదు.

"జూడు," అంది రాజమణి. "బిడ్డ తింట లేదని ఇది గూడ నోరు మూసింది. జగిత్యాలకు పో. దాన్ని రెక్క వట్టి గుంజుకరా."

"వస్తదా అది?" అన్నాడు ఎల్లేశం.

"సాంచెలు బందైతే నీ కాళ్లు గూడ బందైనయా?"

అతను సీసా ఎత్తి వెలుతురుకు పట్టాడు. అడుగున మెతుకులు కుళ్లి తేలుతున్నాయి. గోడ మీది కాగితం మొదటిసారి పూర్తిగా చదివాడు.

"నిన్న పెట్టినవా?"

"పెట్టిన. ఆకలైతదని పెట్టిన. తప్పా?"

"నువ్వు పదేండ్ల సంది శనివారం ఒక్కపొద్దుంటవు. నేనెప్పుడన్న నీ నోట్ల మెతుకులు కుక్కిన్నా?"

"నాది దేవునికి."

"బిడ్డది దేనికో అది చెప్పింది. మనం ఇనలే. పొయ్యిన నెల ఉద్యమంల తిరుగుతున్నదని సిరిసిల్ల నుంచి నేను గూడ ఫోన్ల తిట్టిన." అతను సీసా కింద పెట్టాడు. "రాత్రి నిద్ర పడ్తలేదే రాజమణీ. బిడ్డకేమన్నయితే నేనేం జేయాలె?"

ఆ మాట అతను అంటాడని ఆమె అనుకోలేదు. బీడీ చాట పక్కకు తోసి, తనే ఫోన్ చేసింది.

"బిడ్డా, చేప ఒరిగింది. నేనే ఎక్కువ పెట్టిన."

అవతల నుంచి శ్రీలత అంది, "ఏడ్వకమ్మా. నీళ్లు సగం మార్చు. మూడు రోజులు ఏం పెట్టకు. దానికి అదే మందు."

"నువ్వు కోపం జేస్త లేవా?"

"ఆకలి జూడలేక పెట్టినవు. నాకెర్కే గదా."

రాజమణి కొంగు నోట్లో కుక్కుకుంది. రా అని అడగలేదు. "నీళ్లన్న తాగు బిడ్డా," అంది.

ఎల్లేశం సైకిల్ తీసి జగిత్యాల పోయాడు. శిబిరంలో కూతురి పక్కన కూర్చున్నాడని సాయంత్రం ఎవరో చెప్పారు. రాజమణి నీళ్లు సగం మార్చి, రెండు రోజులు సీసా ముందు చేతులు కట్టుకుని తిరిగింది. చేప మూతి ఎత్తింది. ఆమె పెట్టలేదు. బీడీలు చుట్టబోతే ఆకు చినిగింది.

మంగళవారం మధ్యాహ్నం, ఇక ప్రాణానికి ప్రమాదమని డాక్టర్లు చెబితే పెద్దమనుషులు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. మర్నాడు పొద్దున ఎవరిదో బండి మీద తండ్రి, వెనుక అతని భుజం పట్టుకుని శ్రీలత దిగారు. చెంపలు లోపలికి పోయాయి. వచ్చీ రాగానే ఆమె అలమర దగ్గరికి నడిచింది. చేప నీళ్ల మధ్యలో నిలబడి ఉంది. పొట్ట ఉబ్బు తగ్గింది.

"పొద్దుగాల నీళ్ల గోలెంల నుంచి చాయ వడగట్టే జాలితోని రెండు దోమ పిల్లలు తీసి ఏసిన," అంది రాజమణి. "రెండే. తిన్నది."

పొయ్యి మీద కోడి కూర లేదు. గంజి ఉంది, పలచగా, చిటికెడు ఉప్పుతో. రాజమణి తంబాకు చేతులు రెండుసార్లు కడుక్కుని, కూతురిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, చెంచాతో పట్టింది. ఎల్లేశం గడపలో కూర్చుని చూస్తున్నాడు. గిన్నెలో సగం అయింది.

"ఇంకింత పొయ్యి అమ్మా," అంది శ్రీలత.

రాజమణి చెయ్యి గిన్నె వైపు పోయి ఆగింది. కళ్ల నీళ్లు చెంచాలో పడ్డాయి.

"చాలు బిడ్డా," అంది. "పొద్దుమీకి మళ్ల తాగుదువు."