బిస్త్రిక సర్వర్‌లో ఆరుగురు చుట్టాలు

ఒబ్రాద్‌ను చంపినవాడు శుభ్రంగా చంపాడు, ఒక్క బూట్ల దగ్గరే పొరబడ్డాడు. బిస్త్రిక ఆనకట్ట కంప్యూటర్లు చూసుకునే ఒబ్రాద్ పొద్దున్నే కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, చేపలు పట్టడానికి వెళ్ళాడన్నారు. మధ్యాహ్నానికి నది అతన్ని గేట్ల దగ్గరికి తెచ్చి పడేసింది. కుడి బూటు ఎడమ కాలికుంది. నలభై ఏళ్ళుగా నదికి వెళ్ళే మనిషి బూట్లు తారుమారుగా తొడుక్కుంటాడా?

బెల్‌గ్రేడ్‌లో గూఢచారి బ్యూరో అధిపతి కర్నల్ స్తానోయె ఆ ఫోటోను బల్ల మీదికి తోశాడు. ఎదురుగా ఏజెంట్ విదోసావా కూర్చుంది. ఏ వేషం వేసినా ఆ వేషంతోనే పుట్టిందనిపించే మనిషి.

"నల్లకొంగ ముఠా పని, విదా."

"డ్యామ్ మీద వాళ్ళ కన్ను ఎందుకు పడింది సార్?"

"అక్కడ ఉన్నది ఒకే సర్వర్. దాని కడుపులో పన్నెండు వర్చువల్ మెషీన్లు. ఒకటి గేట్లు ఎత్తుతుంది, ఒకటి వాన కొలుస్తుంది, ఒకటి జీతాలు వేస్తుంది. ఇల్లు ఒకటే, కాపురాలు పన్నెండు. ఒక్కో కాపురానికి ఇంత మెమరీ ఇస్తామని మాటిచ్చారు. అందరూ ఒక్కసారే చెయ్యి చాపితే ఇవ్వడానికి ఉండదు."

"మరి ఎన్ని పెట్టాలి?"

"పన్నెండుకి మించితే నా శవం మీదే అనేవాడు ఒబ్రాద్. వరదొస్తే గేట్ల మెషీన్‌కి మూడింతలు కావాలి, ఆ చోటు ఖాళీగా ఉంచాలనేవాడు. అన్నట్టే అయింది."

కర్నల్ లేచి తలుపు మూశాడు. "ఆ పన్నెండులో ఒకటి మనది. కొండల్లో ఏ దారిన పహరా ఉందో, ఏ దారి ఖాళీయో అదే లెక్కకట్టి చెబుతుంది. మన పని మీద సరిహద్దు అవతల ఉన్న మీ తమ్ముడు రాదొవాన్‌కి దిక్కు అదొక్కటే. దొరికిపోయేలా ఉన్నాడు, ఈ వారమే ఇటు బయలుదేరాడు. నువ్వక్కడ ఉంటావని కబురు పెట్టాం. ఆ మెషీన్ ఆగకూడదు."

"ఆగనివ్వను."

"అక్కడ మన మనిషి క్సెనియా ఉంది. కన్సల్టెంట్ వేషం. 'గొర్రెలు తడిశాయా?' అంటుంది. 'ఉన్ని ఆరుతుందిలే' అను."

విదోసావా వెళ్ళేసరికి అక్కడ వాన పట్టి వారం. సెయింట్ జార్జ్ పండుగ. ఆనకట్ట మేనేజర్ మిలిసావ్ ఇంటి దేవుడు ఆయనే, కాబట్టి ఆ రోజు వాళ్ళింట స్లావా, ఇంటి దేవుడి విందు. స్లావాకి ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్ళని పొమ్మనరు, గుమ్మం దాటి వచ్చిన మనిషి అడిగితే లేదనరు. కంట్రోల్ రూమ్ సిబ్బందంతా బల్ల చుట్టూ చేరారు. విదోసావా తలకు గుడ్డ కట్టి, రొట్టెలు కాల్చే మనిషిలా పెద్ద పండుగ రొట్టె పట్టుకుని వచ్చింది. ఆమె తెచ్చిన మైనపు కొవ్వొత్తిలో మైక్రోఫోన్ ఉంది. దాన్ని బల్ల మధ్యన వెలిగించారు.

అంత బురదలోనూ తెల్లబూట్లు మాయకుండా క్సెనియా వచ్చింది. ఆకుపచ్చ పట్టు గౌను. గదిలో మగవాళ్ళంతా ఒక్కసారి పొట్టలు లోపలికి పీల్చారు.

"గొర్రెలు తడిశాయా అక్కా?"

"ఉన్ని ఆరుతుందిలే."

వంటింట్లో గిన్నెలు సర్దుతూ విదోసావా చెవిలో రిసీవర్ పెట్టుకుంది.

"బాబాయ్, మీ ఇంట్లో ఒక చిన్న కోరిక కోరనా?" క్సెనియా గొంతు తేనెలా ఉంది. "మా ఆఫీసువి ఆరు మెషీన్లు. మీ సర్వర్‌లో రెండ్రోజులు తలదాచుకోనివ్వండి."

"ఆరా? ఒబ్రాద్ ఉంటేనా, నన్ను చీపురుతో కొట్టేవాడమ్మా."

"పండగపూట లేదంటారా బాబాయ్?"

ఇంకేముంది! మిలిసావ్ ల్యాప్‌టాప్ తెప్పించి, మాంసం కోసిన చేత్తోనే సర్వర్ పాస్‌వర్డుల తాళాలన్నీ ఆమెకిచ్చేశాడు. అదే పట్నంలో ఇంకెవరైనా అయితే రేపు రండి అనేవాళ్ళు.

విదోసావా పరుగున వచ్చేసరికి ఆరూ సర్వర్‌లోకి చేరిపోయాయి. ఒబ్రాద్ ఏ ఖాళీ కోసం చచ్చాడో, సరిగ్గా ఆ ఖాళీలోకి. క్సెనియా కోటు వేసుకుంటోంది.

"ఉన్ని ఆరదక్కా," అంది మెల్లగా, నవ్వుతూ.

నల్లకొంగ మనిషి ఆమేనని విదోసావాకి అప్పుడు తెలిసింది. అయినా పట్టుకోలేదు. ముందు సర్వర్ సంగతి చూడాలి. మిలిసావ్ రెక్క పట్టుకుని లాగింది. "ఆ ఆరింటినీ తీసెయ్యండి! నేను బ్యూరో మనిషిని."

"ఎవరైతేనేం తల్లీ, చుట్టాన్ని మెడపట్టి గెంటమంటావా? యుద్ధంలో శత్రువొస్తే కూడా మా తాత కుర్చీ వేశాడు!"

"నది కుర్చీ వెయ్యమని అడగదు. నడవండి!"

ఆనకట్ట ఇంటి పక్కనే. మెడలో రుమాలుతోనే పరిగెత్తాడాయన. కంట్రోల్ రూమ్ తెర మీద పద్దెనిమిది మెషీన్లు. కొత్త ఆరూ ఒక్కసారిగా మెమరీ అడుగుతున్నాయి. వాటి తాళం క్సెనియా మార్చేసింది, తీసెయ్యడానికి లేదు. గేట్లు ఎత్తమంటే 'వేచి ఉండండి' అంటోంది తెర. కిటికీ అవతల నీళ్ళు కట్ట అంచుకి జానెడు దిగువన ఉన్నాయి. దిగువన లుకోవో ఊరు.

"మొత్తం సర్వర్ ఆపేస్తే?"

"మళ్ళీ లేచేసరికి అరగంట. ఈలోపు ఊరుండదు."

"చేత్తో తిప్పే చక్రాలు?"

"పాత ఇనుముకి అమ్మేశాం చెల్లెమ్మా."

"అయితే మనవే ఆపాలి."

జీతాల మెషీన్ ఆపింది. కెమెరాలు, దీపాలు, వాన కొలిచేది, ఒక్కొక్కటే ఆర్పింది. ఖాళీ చేసిన చోటునల్లా ఆ ఆరూ మింగేస్తున్నాయి. చివరకు వాటికిచ్చిన హద్దు నిండింది, అక్కడ ఆగాయి. గేట్లకు ఇంకా కాస్త తక్కువ. మిగిలినవి రెండే: గేట్లది, బ్యూరోది.

బ్యూరో మెషీన్ తెర మీద ఒక ప్రశ్న మెరిసింది. 'అక్కా, వంతెన దగ్గరున్నా. ఎడమా, కుడా?'

ఆ మెషీన్ జవాబు వెతుకుతోంది. వెతుకుతూనే ఉంది. మెమరీ చాలక నత్తలా నడుస్తోంది.

"ఎవరది?" అన్నాడు మిలిసావ్.

"మా చిన్నాడు."

నీళ్ళు అంచు దాటి మెట్టు మీద పడ్డాయి. విదోసావా ఎడమ అని కొట్టబోయి ఆగింది. ఏది మంచిదో ఆమెకేం తెలుసు? తెలిసింది ఆ మెషీన్‌కే. కళ్ళు మూసుకోలేదు. చూస్తూనే ఆర్పేసింది.

గేట్లు మూలిగి లేచాయి. లుకోవోలో వీధులు తడిశాయి, అంతే. మనుషులంతా దక్కారు.

క్సెనియా ఆ పాటికే సరిహద్దు దాటింది. చుట్టం వట్టి చేతులతో పోకూడదని మిలిసావ్ భార్య కట్టిచ్చిన, మాంసం కూరిన క్యాబేజీ చుట్టల గిన్నెతో సహా. రాదొవాన్ ఎడమకు వెళ్ళాడో, కుడికి వెళ్ళాడో ఎవరికీ తెలియదు. ఎటు వెళ్ళినా ఇటు మాత్రం రాలేదు.

ఇక మీదట ఎన్ని మెషీన్లు నడపాలో తేల్చమని మంత్రిత్వ శాఖ ఒక కమిటీ వేసింది. ఎనిమిది చాలు, మిగతా చోటు వరదకు ఉంచండి అంది విదోసావా. కమిటీ ఆమెకు కాఫీ ఇచ్చి, మర్యాదగా విని, తీర్పు రాసింది: పద్దెనిమిది నడిచినా ఆనకట్ట తెగలేదు కనుక పద్దెనిమిది నడపవచ్చు.

శరదృతువులో ఆమె మరోసారి బిస్త్రిక వెళ్ళింది. తెర నిండా కొత్త పేర్లున్నాయి. తమ్ముడి మెషీన్ ఉన్న చోట వేలు పెట్టి, ఇక్కడేముందని అడిగింది.

మిలిసావ్ తల గోక్కున్నాడు. "క్యాంటీన్ మెనూ. చిన్నదేలే చెల్లెమ్మా, పెద్దగా తినదు."