మిరపకాయల డాబా మీద సొరపందిరి

తన ఎండని షారోన్ కాజేసిందని యలమంద బజారంతా చెప్పుకున్నాడు.

మంగళగిరిలో అతనికి కారం మర ఉంది. మర పట్టే కాయలన్నీ ఇంటి డాబా మీదే ఆరబోస్తాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి ఆ ఎండే ఆస్తి. మేడగదిలో అద్దెకు దిగిన షారోన్‌ది మునిసిపల్ ఆఫీసు; ఊరి రోడ్లని చెట్లతో చల్లబరచడం ఆమె ఉద్యోగం. వచ్చీరాగానే డాబా మీద తొట్లు పెట్టి, సొరపాదుకి పందిరి వేసింది.

"గది పెనంలా కాలిపోతోందండి. ఏప్రిల్‌లోపు చల్లబడకపోతే ఖాళీ చేస్తాను," అంది.

"చేసుకోండి," అన్నాడు యలమంద. నీడన ఆరిన కాయ తెల్లబడి, ధర పలకని తాలవుతుందని కూడా దులిపేశాడు.

అన్నాడే గానీ, పందిరి గుబురెక్కాక మనసాగలేదు. ఓ మధ్యాహ్నం చెప్పులు విడిచి డాబా ఎక్కాడు. కాయల పక్కన అరికాలు చుర్రుమంది. పందిరి కింద తాపీగా నిలబడ్డాడు. మర మీద రేకులు కూడా నీడే కదా, అక్కడ అంత ఉడుకెందుకు?

ఆమెనే అడిగాడు. కూజాకి చెమ్మపట్టి నీళ్ళు చల్లబడినట్టే, ఆకులు నీటిని ఆవిరిగా వదిలి చుట్టూ చల్లబరుస్తాయని చెప్పింది. ఆ మర్నాటి నుంచి అతనికి రోజూ ఏదో ఒక అనుమానం వచ్చేది. ఆమె కూడా, కాయ ఎండిందని చప్పుడుతో ఎలా తెలుస్తుందని అడిగేది.

ఇంతలో పాదుకి పురుగు పట్టింది. చెప్పకుండా సాయం చేద్దామని, మర ఊడ్చిన కారం తెచ్చి పాదు నిండా చల్లాడు యలమంద.

సాయంత్రం గాలి లేచింది. షారోన్ ఎర్రటి కళ్ళతో, ముక్కు తుడుచుకుంటూ మెట్లు దిగింది. చంకలో బట్టల మూట. యలమంద మెట్లకి అడ్డొచ్చాడు.

"ఏడవకండి. ఖాళీ చెయ్యొద్దు. సగం డాబా మీరే ఉంచుకోండి. మీరెళ్ళిపోతే నేనెవర్ని అడగాలి?"

ఆమె నాలుగు తుమ్ములు తుమ్మింది.

"ఏడవట్లేదండి బాబూ. ఆరేసిన బట్టల నిండా కారం. పాదుకి ఏం చల్లారు?"

వసారాలో కాయల తొడిమలు తీస్తున్న అతని తల్లి కొండమ్మ తలెత్తింది. "డాబా ఇస్తానంటాడు గానీ, పెళ్ళాడమని అడగడానికి నోరు రాదు. ఏరా, అది కూడా నేనే అడగాలా?"

"ఆయన్నే అడగనివ్వండి అత్తయ్యా. మా నాన్నతో నేను మాట్లాడతా," అంది షారోన్. నిన్నటిదాకా పిన్నిగారూ అని పిలిచిన మనిషి.

యలమంద అడిగాడు. ఆమె తుమ్మి, తలూపింది.

ఆ వేసవికి అతను పోగొట్టుకున్నది, మంచి ఎండ తగిలే డాబా, పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు.