తొడుగు లేని చేతులు

ఆరో మంచం మీది ముసలాయన కడుపులోంచి మూడో గాజుపెంకు బయటికి వచ్చింది. సువార్త దాన్ని పళ్ళెంలో వేసి, రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకుని ఆయన పొత్తికడుపు మీద ఆనించింది. తొడుగులు మణికట్ల దగ్గర సన్నగా వణికాయి.

“వృథా కదలిక. నాలుగు సెకన్లు,” అంది చెవిలో గొంతు.

“క్షమించండి,” అంది ఆమె. కంఠపట్టీ ఆ మాటను పట్టుకుని, యాసను చెక్కేసి, ఈ దేశపు ఆడమనిషి గొంతుతో బయటికి పంపింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో దీనమ్మ సిస్టర్ నేర్పిన అలవాటది. చల్లటి చెయ్యి పడితే కడుపు బిగుసుకుంటుందనీ, బిగుసుకున్న కడుపు ఏమీ చెప్పదనీ ఆవిడ అంటుండేది. ఈ తొడుగులకు వేడీ లేదు, చల్లదనమూ లేదు. అయినా ఆరేళ్ళుగా సువార్త చేతులు రుద్దుకుంటూనే ఉంది. వార్డు చివర, అద్దాల గోపురంలో కూర్చున్న పూచీదారు డాక్టర్ క్రాల్ ఆరేళ్ళుగా దాన్ని తప్పుపడుతూనే ఉన్నాడు.

క్రాల్ పూచీ కింద ఆరుగురు బయటిదేశాల డాక్టర్లున్నారు. వాళ్ళ తొడుగుల ప్రతి కదలికా ఆయన గోడ మీద ఒక వెలుగుపట్టీగా పాకుతుంది. బతికిన రోగి రికార్డులో ఆయన పేరుంటుంది. పోయిన రోగి రికార్డులో వీళ్ళ నంబరుంటుంది. సువార్త నంబరు సూ-నాలుగు.

ఇంకా పదకొండు రోజులు. ఆ తరువాత తొడుగులు ఊడతాయి, సొంతపేరు వస్తుంది. తలుపు మీద, మందుచీటీ మీద, రికార్డు మీద డాక్టర్ మద్దిరాల సువార్త అని ఉంటుంది. ఈలోగా ఒక్క నల్లగీత పడితే సాయంత్రానికల్లా ఓడ ఎక్కిస్తారు. తరువాత ఏ దేశంలోనూ రోగిని తాకనివ్వరు.

బయట ఏదో పేలింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. బయటి డాక్టర్లు వద్దని, ‘మా ఒంటికి మా చేతులే’ అంటూ మూడు రోజులుగా గేటు దగ్గర జనం అరుస్తున్నారు. నిన్న ఒక అంబులెన్సు తగలబెట్టారు. దాని పక్కనుంచి నడిచిపోతుంటే ఈ ముసలాయన కడుపులో గాజుపెంకులు దిగాయి.

వార్డు తలుపులు విడిపోయాయి. ఆరుగురిలో ఒకడైన యాకూబన్న లోపలికి నడిచి వచ్చాడు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతి దాకా కారి, నేల మీద చుక్కలుగా పడుతోంది.

“కూర్చో అన్నా. ఎవరు కోశారు?”

“ఒగడు,” అన్నాడు యాకూబ్, ఏడో మంచం మీద కూలబడుతూ. కర్నూలు మనిషి. ఈ దేశంలో తొమ్మిదేళ్ళు ఎముకలు అతికించాడు. రెండుసార్లు చిన్నగీతలు పడి, రెండుసార్లు పూచీ మొదటికొచ్చింది. “గేటు కాడ బండి ఆగింది. వాడు అద్దం మీద తట్టి, ‘డాక్టరు గారూ, ఒక్క నిమిషం దిగండి, మా నాయనకు బాగలేదు’ అన్న్యాడు. దిగితి.”

“ఈ గొడవల్లో ఎట్లా దిగావన్నా?”

“డాక్టరు గారూ అన్న్యాడు మ్మా. తొమ్మిదేండ్లకు ఒగ మనిషి ఆ మాట అన్న్యాడు. కాళ్ళు వాటంతటవే దిగినాయి.”

సువార్త అతని పిడికిలి విప్పి చూసింది. తను కూడా దిగి ఉండేదే. కత్తి తొడుగును చీల్చి, అరచేతిని అడ్డంగా కోసి, రెండు వేళ్ళ నరాల్ని తెంపేసింది. ఆ వేళ్ళు ముడుచుకోవు. ఎముకల డాక్టరుకు అవి లేకపోతే ఏమీ లేనట్టే.

“చెయ్యి తెగిందని ఎవురూ అడగల్యా,” అన్నాడు యాకూబ్, నొప్పికి పళ్ళు బిగించి నవ్వుతూ. “తొడుగు తెగిందని మాత్రం గోపురం అడిగింది. ఇంగో చిన్నగీత పెట్టినారు.”

ఆమె పళ్ళెం తెరిపించింది. చక్రాల మీద కదిలే మరచేయి దీపాన్ని వంచి పట్టుకుంది. తెగిన నరం కొస దొరకబుచ్చుకుని మొదటి కుట్టు వేసేసరికి గేటు వైపునుంచి సూదులు చిమ్మే కాపలా తూనీగయంత్రాల రొద వినిపించింది. తరువాత మేకులు గోడకు తగిలినట్టు వరసగా చప్పుడు. తరువాత అరుపులు.

నాలుగు నిమిషాలకు బండి ఒక కుర్రవాణ్ణి తీసుకొచ్చి ఎనిమిదో మంచం మీదికి దొర్లించి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళుంటాయి. తొడ మొదట్లో, గజ్జల దగ్గర తూనీగ సూది దూరి బయటికి వచ్చింది. అక్కడినుంచి నెత్తురు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగజిమ్ముతోంది. మంచం పక్క తెర మీద ఎర్లిక్ అని పేరు వెలిగింది. అతని మణికట్టుకు నీలం ఉక్కు పట్టీ ఉంది.

“వాడే,” అన్నాడు యాకూబ్, చాలా నెమ్మదిగా.

సువార్త రెండడుగులు వేసింది. మూడో అడుగులో తొడుగులు కర్రలా బిగుసుకుపోయాయి. వేళ్ళు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. తొడుగుల మాట వినే చక్రాలచేతులు కూడా ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“నిరాకరణ పట్టీ,” అన్నాడు చెవిలో క్రాల్. “వెనక్కి రా, సూ-నాలుగు. బయటి చెయ్యి తాకకూడదని అతను నగరసభలో రాసిచ్చాడు. స్థానిక డాక్టరును పిలిచాను. నలభై నిమిషాలు.”

“ఇతనికి నాలుగు నిమిషాలు కూడా లేవు.”

“తెలుసు. నీ మీద గీత పడదు. అతని ఎంపిక అది.” ఆ గొంతులో దయ లాంటిదే ఉంది. “పదకొండు రోజులు గుర్తుంచుకో.”

కుర్రవాడు తల తిప్పి ఆమెను చూశాడు. నోట్లో ఉన్నది ఆమె మొహం మీదికి ఉమ్మాడు. నెత్తురు కలిసిన ఉమ్మి గడ్డం మీద పడింది. “ముట్టుకోకు. దూరంగా పో.”

ఆమె దూరంగానే నిలబడింది. మంచం అంచునుంచి నెత్తురు ధారకట్టి నేల మీదికి కారుతోంది.

“రా మ్మా,” అన్నాడు యాకూబ్. “నా చెయ్యి సగంలో ఉండాది. వానికి వాని పట్టీ ఉంది గదా. అదే కాపాడుతుందిలే.”

ఆమె వెనక్కి తిరిగింది. తొడుగులు వదులయ్యాయి. సూది పట్టుకుంది. వెనక ఎగజిమ్మే చప్పుడు నీరసపడుతోంది. అది ఆమెకు వీపుతో వినిపిస్తోంది. పెద్దాసుపత్రిలో మంచానికి ఇద్దరు, కింద చాపల మీద ముగ్గురు పడుకున్న రోజుల్లో దీపం లేకుండా కూడా ఆ చప్పుణ్ణి పోల్చుకునేది.

“డాక్టర్,” అన్నాడు ఎర్లిక్.

యాకూబ్ పగలబడి నవ్వాడు. “మళ్ళా అదే మాట! చూసినావా, ఎంత మర్యాదో!”

“డాక్టర్... తీసెయ్యండి ఇది.” కుర్రవాడు రెండో చేత్తో పట్టీని గోకుతున్నాడు. గోళ్ళు విరుగుతున్నాయి. ఆ పట్టీ నగరసభలో తప్ప ఊడదు. “నాకు చావాలని లేదు. ముట్టుకోండి. డాక్టర్!”

ఇందాక గేటు దగ్గర ఆ మాట వల. ఇప్పుడు కూడా కావచ్చు. సువార్త యాకూబ్ అరచేతిలో తెల్లగా మెరుస్తున్న నరం కొసల్ని చూసింది. వాటిలో ఒకటే కుట్టింది. సూదిని పళ్ళెంలో పెట్టింది.

“అన్నా, కాసేపు ఓర్చుకో.”

“సువార్తా!” యాకూబ్ గొంతు పెరిగింది. “వాడు నా చేతిని తీసినాడు మే. వాని కోసరం నీ పేరు పోగొట్టుకుంటావా?”

ఆమె కుడి మణికట్టు దగ్గరి గొళ్ళెం నొక్కింది. టక్‌మని చప్పుడైంది. తరువాత ఎడమది. తొడుగులు నేల మీద పడి, చచ్చిన చేపల్లా ఒకసారి ఎగిరి ఊరుకున్నాయి. కంఠపట్టీ ఆరిపోయింది. గోపురంలో ఒక వెలుగుపట్టీ ఆరిపోయింది.

ఆరేళ్ళుగా గాలి తగలని వేళ్ళు. పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. ఈసారి రుద్దుకునే తీరిక లేదు. పిడికిలి బిగించి, రెండో అరచేత్తో దాన్ని అదుముతూ గాయంలోకి దించింది, ఎముక తగిలేదాకా. ఎర్లిక్ వీపు విల్లులా లేచింది. వాడి అరుపు వార్డంతా తిరిగింది. నెత్తురు వేడిగా ఉంది. ఎంత వేడిగా ఉంటుందో ఆమె మరిచిపోయింది.

ధార ఆగింది. కానీ రెండు చేతుల్లో ఏది కదిపినా మళ్ళీ మొదలవుతుంది. పైన నాళానికి చిమటా బిగించాలంటే మూడో చెయ్యి కావాలి. వార్డులో ఉన్న చేతులన్నీ తొడుగుల్లో ఉన్నాయి.

“ఎవరైనా రండి!” అని అరిచింది. యాస చెక్కని సొంత గొంతు అది. పదో మంచం దగ్గరి డాక్టర్ ఒబియోరా తలెత్తి ఆమెను చూశాడు, గోపురాన్ని చూశాడు, మళ్ళీ తల దించుకున్నాడు.

మంచం కిర్రుమంది. యాకూబ్ లేచి నిలబడ్డాడు. సగం కుట్టిన కుడిచేతిని రొమ్ముకు ఆనించుకుని, ఎడమచేతిని ఆమె నోటి ముందు చాచాడు.

“ఒంటిచేత్తో ఇప్పుకోల్యా,” అన్నాడు. కళ్ళల్లో కోపం అట్లాగే ఉంది. “పండ్లతో లాగు.”

ఆమె గొళ్ళేన్ని పళ్ళతో కొరికి లాగింది. టక్. రెండో వెలుగుపట్టీ ఆరిపోయింది. యాకూబ్ తన పళ్ళెంలోని చిమటా తీసుకుని, ఎడమచేత్తోనే, ఆమె పిడికిలి పక్కనుంచి లోపలికి దించాడు. “ఇంగ కొంచెం పక్కకి... ఆఁ. దొరికింది.” పళ్ళు కొరికి బిగించాడు. ఎర్లిక్ వాళ్ళిద్దరి మొహాలనూ మార్చి మార్చి చూస్తూ ఏడుస్తున్నాడు. “ఊరుకోరా,” అన్నాడు యాకూబ్ తెలుగులో. “నీ మింద ప్రేమ పుట్టి కాదు.”

మంచం పక్క తెర మీద అక్షరాలు మెరిసి ఆరుతున్నాయి. రోగి స్థితి: నిలకడ. వైద్యులు: లేరు. చేసిన పని: లేదు. రికార్డు ముగియలేదు.

“సూ-నాలుగు!” ఈసారి చెవిలో కాదు. గోపురంలోంచి వార్డంతటికీ వినిపించేలా అరుస్తున్నాడు క్రాల్. “ఈ రికార్డు మూసుకోవడం లేదు. తొడుగు కదలిక లేనిదే నా పేరు తీసుకోవడం లేదు. ఏ పేరు రాయమంటావు?”

ఆమె పిడికిలిని నెమ్మదిగా బయటికి తీసింది. నెత్తురు రాలేదు.

“మద్దిరాల సువార్త,” అంది. “గుంటూరు.”

“షేక్ యాకూబ్ బాషా,” అన్నాడు అతను. “కర్నూలు. దాన్ని కూడా రాసుకోండి సామీ.”

గోపురంలో క్రాల్ చెయ్యి నల్లగీత మీట దాకా వెళ్ళి గాలిలో ఆగింది. గీత పడాలంటే ఎవరు ఏం చేశారో ముందు రికార్డులో రాయాలి; రాస్తే వాళ్ళ పేర్లే రాయాలి.

సువార్త అటు చూడలేదు. యాకూబ్‌ను మంచం మీద కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని, అరచేతులు రెండూ ఒకదానితో ఒకటి గట్టిగా రుద్దుకుంది. ఎవరూ సెకన్లు చెప్పలేదు. తెగిన చేతిని ఒళ్ళోకి తీసుకుని రెండో నరం కొస వెతకసాగింది.

పదో మంచం దగ్గర, టక్‌మని చప్పుడైంది.