ప్రార్థన మధ్యలో

"హలో, హలో, మైక్ టెస్టింగ్!" అని తన ఆటోకు బిగించిన మైకులో డ్రైవర్ భీమ్లా అరిచేసరికి గూడెంలో కోళ్ళన్నీ చెల్లాచెదురయ్యాయి. పిల్లలు మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చి చాపల మీద కూర్చున్నారు.

కెజియా గుండె దడదడలాడుతోంది. నాన్న కొత్తగూడెంలో పాస్టరు. భద్రాచలం వైపు అడవిలో ఉన్న ఈ కోయగూడేనికి ఆమె అమ్మానాన్నలతో నెలకోసారి వస్తుంది. ఇన్నాళ్ళూ చాపలు పరచడం, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, ఎవరైనా గోల చేస్తే "ష్!" అనడం ఆమె పనులు. ఇవాళ అలా కాదు. నాన్న ప్రార్థన కాగానే మైకులో దేవుడి కథ చెప్పబోయేది తనే. వారం నుంచి అద్దం ముందు ఆ కథ చెప్పి చెప్పి అమ్మ ప్రమీలారాణి ప్రాణం తీసింది.

నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ తలలు వంచారు.

అప్పుడే చివరి గుడిసెలో ఉండే ముసలమ్మ కొండమ్మ రొప్పుతూ వచ్చింది. "పాపా, అయ్యగారు... మా పోరడు..."

"ష్! ప్రార్థన నడుస్తాంది అమ్మమ్మా. కూర్చో. అయినంక చెప్దువుగానీ" అంది కెజియా గుసగుసగా. చెయ్యి పట్టుకుని చాప చివర కూర్చోబెట్టింది.

కొండమ్మ కూర్చుంది. టౌన్ పాప కూర్చోమంది కదా! చేతులు కూడా జోడించింది.

నాన్న ప్రార్థన ఒక పట్టాన తెమలదు. వానల కోసం, పంటల కోసం, బడి పిల్లల కోసం, రోడ్డు కోసం... కెజియా ఒక కన్ను తెరిచి చూసింది. కొండమ్మ తన గుడిసె వైపే చూస్తోంది. లేవబోయి మళ్ళీ కూర్చుంది.

ఏదో జరిగిందని కెజియాకు అర్థమైంది. నాన్నను పిలవాలా? పిలిస్తే నాన్న ఆ గుడిసెకు వెళ్ళిపోతాడు. మరి తన కథో? కెజియా తెరిచిన కన్ను గట్టిగా మూసేసుకుంది.

"ఆమెన్" వినపడగానే కొండమ్మ లేచింది. "అయ్యగారూ, నా మనుమడికి ఒళ్ళు కాలిపోతాంది. పిలిస్తే కండ్లు తెరుస్తలేడు!"

అమ్మానాన్నలు పరుగెత్తారు. వెనకే కెజియా. గుడిసెలో ఐదేళ్ళ ముత్యాలు చాప మీద పడి ఉన్నాడు. పక్కన వాడి చిన్న చెల్లెలు గుక్కపట్టి ఏడుస్తోంది. వీళ్ళు చూస్తుండగానే వాడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

"ఫిట్స్!" అమ్మ వాణ్ణి పక్కకు తిప్పి పట్టుకుంది. "భీమ్లా, ఆటో తియ్యి! దవాఖానకు పోవాలె. జల్దీ!"

కొండమ్మ ఒక్కసారి కెజియా వైపు చూసింది. 'ఇప్పుడు చెప్పేస్తుంది' అనుకుని కెజియా బిగుసుకుపోయింది. కానీ కొండమ్మ చూపు తిప్పేసుకుంది. మనవణ్ణి ఎత్తుకుని అమ్మతో పాటు ఆటో ఎక్కింది. మైకు వైర్లు పీకి పక్కన పడేసి భీమ్లా ఆటోను దుమ్ము లేపుకుంటూ తీసుకుపోయాడు.

గూడెంలో సిగ్నల్ లేదు. ఫోన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ముత్యాలు వాళ్ళమ్మ సమ్మక్క మిర్చి ఏరడానికి దూరం పోయిందని, పొద్దుగూకితే గానీ రాదని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఆటో పోయిన దారివైపే చూస్తూ నిలబడింది కెజియా. వాడికి ఏమన్నా అయితే? ఆలోచించకూడదనుకున్న కొద్దీ అదే ఆలోచన వస్తోంది.

"నాన్నా" అంది చివరికి. "కొండమ్మ అమ్మమ్మ ముందుగాలే వచ్చింది. నేనే కూర్చోబెట్టిన. నిన్ను పిలిస్తే నా కథ పోతదని... పిలవలే."

నాన్న వంగి, భీమ్లా పడేసిన మైకు వైర్లు ఒక్కొక్కటే చుట్టసాగాడు. తిట్టినా బాగుండుననిపించింది కెజియాకు.

"నేను కూడా ప్రార్థన అంత పొడుగు చెయ్యకుంటే మంచిగుండు" అన్నాడాయన. "పా, పోదాం. ఆ చిన్నపిల్ల పొద్దున్నుంచి ఏమన్నా తిన్నదో లేదో."

గుడిసెలోని కుండలో జావ ఉంది. కెజియా పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొద్దికొద్దిగా తాగించింది. నాన్న బోరింగు దగ్గర బిందె నింపుకొచ్చాడు. ఎండ దిగిపోతోంది. దూరంగా ఏ బండి చప్పుడైనా కెజియా గబుక్కున లేచి నిలబడుతోంది.

పొద్దుగూకే వేళకు ఆటో వచ్చింది. అమ్మ దిగీ దిగకముందే, "ముత్యాలు బాగనే ఉన్నడు! జ్వరం దిగింది. వాని దగ్గర నానమ్మ ఉన్నది" అంది. "మంచిగ జల్దీ తెచ్చిండ్రు అన్నది డాక్టరమ్మ."

కెజియా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకా జల్దీ తేవచ్చని తనకు మాత్రమే తెలుసు.

కబురు విన్న గూడెం అంతా చాపల దగ్గర చేరింది. "దేవునికి స్తోత్రం చెప్పుకుందాం. తర్వాత మా కెజియా కథ చెప్తది" అన్నాడు నాన్న. అందరూ కళ్ళు మూసుకున్నారు.

కెజియా మూసుకోలేదు. దారి చివర ఒక ఆడమనిషి వస్తోంది. తలకు గుడ్డ, చేతిలో టిఫిన్ డబ్బా. తన గుడిసె తలుపు బార్లా తెరిచి ఉండటం, జనం గుమిగూడి ఉండటం చూసి ఆమె ఉన్నచోటే ఆగిపోయింది.

ప్రార్థన ఇంకా నడుస్తూనే ఉంది. కెజియా పిల్లను చంకనెత్తుకుని జనం మధ్యలోంచి పరుగెత్తింది.

"అత్తా, ముత్యాలు బాగున్నడు! ముందు అది విను. బాగున్నడు." ఆ తర్వాతే జ్వరం సంగతి, దవాఖాన సంగతి చెప్పింది.

సమ్మక్క వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. మిర్చి ఘాటు వేస్తున్న ఆమె చేతిని కెజియా గట్టిగా పట్టుకుంది. వెనక్కి తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"నాన్నా! ముత్యాలు వాళ్ళమ్మ వచ్చింది! ఆటో కావాలె!"

ఆమెన్ కూడా లేకుండానే ప్రార్థన ఆగిపోయింది. భీమ్లా ఆటో స్టార్ట్ చేశాడు.