మమత నవ్విన చోట

"ఆగు, ఆగు... అయిపాయె!" అంది కైనాత్, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని.

సృజన ఆమె భుజం మీదుగా తొంగి చూసింది. స్క్రీన్ మీద తిరుగుతున్న గుండ్రటి గుర్తు ఆగి, వీడియో మొదలైంది.

ఆకుపచ్చ లంగా, ఎర్ర ఓణీ, తల మీద ఇత్తడి చెంబు. డప్పు జోరు పెరిగేకొద్దీ ఆ అమ్మాయి గిరగిరా తిరుగుతోంది. తిరుగుతూనే మెల్లగా నేల మీద కూర్చుంది. చెంబును చేత్తో ముట్టుకోకుండా మళ్లీ లేచింది. చివర్లో చెంబు దించి, కెమెరా వైపు చూసి నవ్వింది.

ఆ ముఖం సృజనది!

"అచ్చం నువ్వే గదనే!" అని కైనాత్ చప్పట్లు కొట్టింది.

సృజనకు సంతోషం వేసింది. ఎందుకో కొంచెం భయం కూడా వేసింది.

అసలు వీడియోలో ఉన్నది ఆసిఫాబాద్ దిక్కు అమ్మాయి. స్కూల్ పోటీల్లో చేసిన డ్యాన్స్ అది. నెల రోజులుగా చొప్పదండిలో ఏ పిల్లల ఫోన్‌లో చూసినా అదే వీడియో. ఆ అమ్మాయి పేరేమిటో మాత్రం ఎవరికీ తెలియదు. కైనాత్‌కు వాళ్లన్న ఒక యాప్ చూపించాడు. ఒక ఫొటో, ఒక వీడియో ఇస్తే చాలు. ఏఐ ముఖం మార్చేస్తుంది.

"మీ బాపుకు ఇది యాప్‌ల చేసిందని చెప్తవా?" అడిగింది కైనాత్.

"చెప్త. తర్వాత చెప్త."

సృజన ఏడో తరగతి. తండ్రి రాజలింగం మస్కట్‌లో బిల్డింగుల పని చేస్తాడు. ఆయన ఇంటికి వచ్చి రెండేళ్లు దాటింది. స్కూల్ వార్షికోత్సవం ముందు ఆయన ఫోన్‌లో, "డ్యాన్స్‌ల ఉన్నవా బిడ్డా?" అని అడిగాడు. "ముందు లైన్లనే బాపూ!" అని సృజన గర్వంగా చెప్పింది.

ఆ రోజు అది నిజమే. కానీ ప్రాక్టీసులో అందరూ కుడికి తిరిగితే సృజన ఎడమకు తిరిగేది. వారం తర్వాత టీచర్, "నువ్వు డ్రెస్సులు చూసుకో సృజనా" అని ఆమెను లైన్‌లోంచి తీసేసింది. ఆ సంగతి బాపుతో చెప్పడానికి నోరు రాలేదు. ఆయనేమో ప్రతి శుక్రవారం అడుగుతున్నాడు. "వీడియో పంపుతలేవేంది బిడ్డా?"

ఈ రోజూ శుక్రవారమే. బాపుకు సెలవు. సృజన కళ్లు మూసుకుని వీడియో పంపేసింది.

కాసేపటికే వాట్సాప్‌లో బాపు గొంతు వచ్చింది. వెనకాల ఎవరివో మాటలు, నవ్వులు. "ఓ బిడ్డా! గిదేం ఆటే! రూమంత చూస్తుండ్రు. స్టేటస్ గూడ పెట్టిన!"

సాయంత్రం పత్తి ఏరి వచ్చిన తల్లి వినోద కూడా చూసింది. కూలి పని ఎగ్గొట్టలేక ఆమె వార్షికోత్సవానికి వెళ్లలేదు. రెండుసార్లు చూసి, "గీ లంగ ఎక్కడిదే?" అంది.

"స్కూల్ల ఇచ్చిండ్రు అవ్వా."

వినోద కూతురి తల నిమిరింది. "నేను రావాల్సి ఉండె" అని మెల్లగా అంది. సృజన గబగబా లేచి నీళ్లు తాగడానికి వెళ్లిపోయింది.

తర్వాతి శుక్రవారం బాపు వీడియో కాల్ చేశాడు. "మా రూముకు మొన్ననే దశరథం కాక వచ్చిండు. వేరే క్యాంపుల ఉండె. మనదిక్కే, ఆసిఫాబాద్. నీతోని మాట్లాడుతడట" అని ఫోన్ ఆయనకిచ్చి, తాను బట్టలు ఉతకడానికి వెళ్లాడు.

దశరథం సన్నగా ఉన్నాడు. కాసేపు సృజన ముఖాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న కాకా."

"గా చెంబు డ్యాన్స్... ఎవరు నేర్పిండ్రు?"

"మా... మా టీచర్."

దశరథం తల ఊపాడు. ఆయనకు కోపం వచ్చినట్టు లేదు. మాటలు వెతుక్కుంటున్నట్టు ఉంది.

"నిన్ను భయపెట్టనీకి అడుగుతలేను. గా ఆట మా బిడ్డది. మమతారాణి దాని పేరు. ఎనిమిదో తరగతి."

 సృజనకు ఫోన్ పెట్టేద్దామనిపించింది. కానీ పెట్టేయలేదు.

"మీ బాపుకు నేను చెప్పలే" అన్నాడు దశరథం. "ఆయన సంబురం చూసినంక చెప్ప బుద్ధి గాలే. నాకు ఒక్కటే మనసుల వట్టింది బిడ్డా. గా వీడియో మా ఇంటామె తీసింది. ఆఖరుకు మా మమత నవ్వుతది చూడు... గప్పుడు 'బాపు' అంటది. సప్పుడుకు ఇనవడది, పెదవులు చూస్తే ఎర్కయితది. నాకోసమే అంటది. రోజు డ్యూటీకి పోయేముందు చూసుకుంట పోత. మొన్న మీ బాపు ఫోన్ల చూస్తే గా జాగల నీ మొఖం ఉండె. నా బిడ్డ ఎటు వోయిందో అనిపించింది."

సృజన అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఏడ్వకు బిడ్డా. పిల్లలు, తెల్వక చేసిండ్రు. ఉంట మరి" అని ఆయనే ఫోన్ పెట్టేశాడు.

సృజన అసలు వీడియో వెతికి, చివరి దాకా చూసింది. అన్నిసార్లు చూసినా ఎప్పుడూ చెంబునే చూసింది. ఇప్పుడు ముఖం చూసింది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. ఆ అమ్మాయి నవ్వింది. పెదవులు కలిసి విడిపోయాయి. బా... పు.

తర్వాత తన వీడియో పెట్టింది. అక్కడ తన నవ్వు ఉంది. పెదవులు కూడా అలాగే కదిలాయి. కానీ ఆ మాట తాను అనలేదు. సృజన ఫోన్ బోర్లా పెట్టేసింది.

వినోద పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. సృజన వెళ్లి పక్కన కూర్చుని మొత్తం చెప్పేసింది. లైన్‌లోంచి తీసేసిన సంగతి, యాప్, లంగా, దశరథం కాక. వినోద పిండి చేతులతో అలాగే వింది.

"నాకెందుకు చెప్పలేవే?"

"నువ్వు పరేషాన్ అయితవని."

"ఇప్పుడు గాలేనా?" అంది వినోద. పెనం మీది రొట్టె తిప్పి, "మీ బాపుకు చెప్పు. నేను చెప్తే గాదు, నువ్వే చెప్పాలె" అంది.

"భయమయితుంది అవ్వా."

"నేను పక్కకు కూసుంట."

సృజన మళ్లీ ఫోన్ చేసింది. "బాపూ, స్పీకర్ పెట్టు. రూమ్‌ల అందరు ఇనాలె."

"ఏంది, పాట పాడుతవా?" అని బాపు నవ్వాడు.

"గా డ్యాన్స్ నాది గాదు బాపూ. దశరథం కాక బిడ్డ మమతది. యాప్‌ల నా మొఖం పెట్టి పంపిన. నన్ను స్కూల్ డ్యాన్స్‌లకెల్లి తీసేసిండ్రు. నాకు సరిగ రాదు."

 

"మళ్ల చేస్త" అని బాపు ఫోన్ పెట్టేశాడు.

ఆ రాత్రి సృజన రొట్టె సగమే తిన్నది. బాపు ఇక మాట్లాడడేమో అనుకుంది. మర్నాడు పొద్దున ఆయన డ్యూటీ బస్సు కోసం నిలబడి ఫోన్ చేశాడు.

"నాకు కోపం వచ్చింది" అన్నాడు. "నీ మీద గాదు. అంటే... జర నీ మీద గూడ. అందరికి చూపెట్టిన గదనే! స్టేటస్ తీసేసిన. దశరథమన్నకు నేను గూడ మాఫ్ చెయ్యమని చెప్పిన. నిన్న రూమంత మమత ఆట చూసినం. ఆయన ఆఖరు దాంక నిలవడి చూపెట్టిండు."

"బాపూ, నేను..."

"ఇను బిడ్డా. నేను ఆట కోసం అడిగిననా? నిన్ను చూద్దామని అడిగిన. డ్రెస్సులు మడత పెడుతున్న వీడియో పంపినా గూడ చూస్తుంటి."

సృజన ఏడుస్తూనే "ఊఁ" అంది.

దశరథం దగ్గర నంబర్ తీసుకుని ఆ సాయంత్రం ఆసిఫాబాద్‌కు ఫోన్ చేసింది. మమతారాణికి జరిగిందంతా చెప్పింది. ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది.

"నా మొఖం మంచిగ లేదా?"

"అయ్యో, గట్ల గాదక్కా! నీ లెక్క నాకు రాదని..."

"నాకు మాత్రం ఊకెనే వచ్చిందా? కూసునే దగ్గర రోజు చెంబు పడేసుకుంటుంటి. సొట్టలు వడ్డయని మా అవ్వ తిట్టుడే తిట్టుడు!"

సృజనకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. "తప్పయిందక్కా. మళ్ల ఎవరి వీడియోను గట్ల చెయ్య."

"సరే. నువ్వు నేర్చుకుంటవా మరి? బట్టను చుట్ట జేసి నెత్తి మీద వెట్టు, దాని మీద చెంబు వెట్టు. ముందు ఊకె నడువు. తిరుగుడు తర్వాత."

ఆదివారం వినోద పనికి వెళ్లలేదు. వాకిట్లో సృజన తల మీద చెంబు పెట్టుకుని నడిచింది. కైనాత్ గోడకు ఆనుకుని పళ్లెం మీద దరువు వేసింది. వినోద ఫోన్ పట్టుకుంది.

ఎనిమిది అడుగులు బాగానే పడ్డాయి. తిరగబోయేసరికి, కుడికి కాకుండా ఎడమకు తిరిగింది. చెంబు ఠంగుమని నేల మీద పడి, దొర్లుకుంటూ కోళ్ల గంప దాకా పోయింది. కోళ్లు కొక్కొక్కోమని లేచాయి. సృజన నెత్తి పట్టుకుని, కెమెరా వైపు చూసి పగలబడి నవ్వింది. వీడియో తీస్తున్న వినోద చెయ్యి కూడా నవ్వుకు ఊగిపోయింది.

కైనాత్ పరుగున వచ్చి ఫోన్ చూసింది. "గా పడ్డ ముక్క కట్ చేద్దామా? మంచిగ కనిపిస్తది."

"వద్దు" అంది సృజన. "మా బాపు చూడనీ. గట్లనే పంపుత."

పంపేసి, చెంబు తెచ్చుకోవడానికి కోళ్ల గంప వైపు నడిచింది.